ఆరో ఉత్తరం

"ముందు ఇది మా ఇంట్లో అచ్చయిందో కాదో తేల్చు" అంటూ మామగారు మెకానిక్ చేతిలో ఉత్తరం పెట్టారు.

మెకానిక్ ఆ కాగితం వంకా, ఆయన వంకా తికమకగా చూశాడు. "నేను ప్రింటరు సర్వీసింగుకి వచ్చానండీ. పొద్దున మా షాపులోది మొరాయించి ఆలస్యమైంది."

"నీ ప్రింటరే నీ మాట వినదన్నమాట!"

కోడలు నవ్వాపుకుంది. మామగారు నలభై ఏళ్లు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చారు. ఆ రోజుల మీద ఒక పుస్తకం రాసి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ ఒక కాపీ పెట్టారు. అప్పట్నుంచి నెలనెలా ఎవరో పేరు రాయకుండా మెచ్చుకుంటూ ఉత్తరం పంపుతున్నారు. ఇది ఆరోది. ఇంట్లోవాళ్లే జాలిపడి రాస్తున్నారని ఆయన అనుమానం. అదే నిజమైతే సగమైన రెండో పుస్తకం అటకెక్కిస్తానని పట్టు. ఆమె రాయలేదు. భర్తనడిగితే, "నువ్వనుకున్నానే!" అన్నాడు.

మెకానిక్ కాగితం వెనక తడిమాడు. "నొక్కుల్లేవు. సూదులతో కొట్టే డాట్ మాట్రిక్స్ కాదండీ." తడివేలితో ఒక అక్షరం రుద్దాడు. అలుక్కుపోయింది. "లేజరైతే పొడిని వేడితో అతికిస్తుంది, ఇలా చెదరదు. ఇది సిరా చిమ్మే ఇంక్‌జెట్."

"మనదీ అదేగా!" మామగారి ముఖం వాడిపోయింది.

కోడలు ఉత్తరాన్ని కిటికీ వెలుతురుకి పట్టింది. "మరి వరుస వరుసకీ ఈ తెల్లగీత ఏమిటి?"

మెకానిక్ నీళ్లు నమిలాడు. "సిరా వచ్చే రంధ్రం ఒకటి పూడుకుపోతే... అలా వస్తుందమ్మా."

"అయితే మాదీ చూడు. శుభ్రం చేయకముందే."

ప్రింటరు గురగురమని ఒక కాగితాన్ని బయటికి తోసింది. మామగారు భూతద్దం పెట్టి చూశారు. గీత లేదు. మళ్లీ చూశారు. లేదు.

"మరి ఎవరు చెప్మా? సరే, ఎవరైతేనేం, బయటివాడు!" ఆయన కలం వెతుక్కుంటూ గదిలోకి వెళ్లిపోయారు.

సర్వీసింగు ముగించి మెకానిక్ గబగబా సంచి సర్దాడు. "వస్తానమ్మా."

"ఆగు బాబూ. ఎప్పుడూ సర్వీసు కాగితం మీద సంతకం అడుగుతావుగా?"

"షాపులో అచ్చువేసి తెచ్చానమ్మా. కానీ... ఈసారికి వద్దులెండి."

"పద్ధతి పద్ధతే." ఆమె చెయ్యి చాపింది.

అతను తల వంచుకుని అందించాడు.

అందులోనూ వరుస వరుసకీ తెల్లగీత ఉంది.