మీసం లేని ఫొటో

పరీక్ష అన్నయ్యది. రాసేది తమ్ముడు. పథకం మాత్రం వదినది.

తమ్ముణ్ణి ఇంట్లో అందరూ ‘రేపు’ అనే పిలుస్తారు. ఏ పని చెప్పినా వాడి నోట వచ్చే మొదటి మాట అదే. కంప్యూటర్ నెట్‌వర్కింగ్ కోర్సులో మూడుసార్లు చేరాడు. మూడుసార్లూ సరిగ్గా పరీక్ష రోజున కడుపునొప్పి వచ్చింది.

“మీ అన్నయ్యకి ఆఫీసులో నోటీసు ఇచ్చారు,” అంది వదిన. “నెల తిరిగేలోగా ఆ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ చూపించకపోతే ఉద్యోగం ఊడినట్టే. ఆయనకి ఆ లెక్కలు తలకెక్కవు. నువ్వు వెళ్లి రాయి. ఇద్దరిదీ ఒకే మొహం. ఆయనలా మీసం పెంచావంటే కన్నవాళ్లు కూడా పోల్చుకోలేరు.”

“దొరికితే జైలు వదినా!”

“దొరక్కుండా చదువు. నీళ్లు నమిలేవాణ్ణే ఎవరైనా అనుమానిస్తారు.”

రేపు తన అన్న వైపు చూశాడు. అన్న తల దించుకుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. నాన్న పోయిన దగ్గర్నుంచి తనకి ఫీజులు కట్టినవాడు. ఆ తల అలా వంగి ఉండటం వాడు చూడలేకపోయాడు.

“ఎప్పుడు మొదలుపెడతావు?” అంది వదిన.

“రే...” అని ఆగాడు. “ఇవాళే.”

ఆ నెల వాడు మనిషి కాదు. కేబుల్ ముక్కలు తెచ్చి, లోపలి ఎనిమిది సన్న తీగల్ని రంగుల వరస తప్పకుండా పేర్చి, చివర ప్లగ్గు నొక్కడం వేళ్లు బొబ్బలెక్కేదాకా చేశాడు. నిద్రలో కూడా “తెల్ల నారింజ, నారింజ, తెల్ల పచ్చ, నీలం” అని పలవరించాడు. ఈ పట్టు తన పరీక్షలప్పుడు ఎక్కడ దాక్కుందో వాడికే తెలీదు.

వదిన గరిటె పట్టుకుని పాఠం అప్పజెప్పించుకునేది.

“చెప్పు మరిదీ, అరవై నాలుగు అడ్రసులున్న నెట్‌వర్క్‌లో ఎన్ని కంప్యూటర్లు పెట్టొచ్చు?”

“అదొక వీధి అనుకో వదినా. అరవై నాలుగు ఇళ్లు. మొదటిది వీధి పేరుకే పోతుంది. మిగిలింది అరవై మూడు.”

“చివరిదీ తీసెయ్యాలిరా,” అన్నాడు అన్న, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. “అది అందరికీ ఒకేసారి కబురు పంపడానికి. అరవై రెండే.”

వదినకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

“ఏంట్రా అలా చూస్తావు?” అన్నాడు అన్న. “నువ్వు రోజూ అరిచే అరుపులకి ఈ గోడలకి కూడా వచ్చేసింది.”

పరీక్ష రోజుకి మీసం దట్టంగా వచ్చింది. కడుపునొప్పి మాత్రం రాలేదు. గుర్తింపు కార్డూ, హాల్‌టికెట్టూ కవర్లో పెట్టి పిన్ను కొట్టి మరీ ఇచ్చింది వదిన.

“ఇది నువ్వు తెరవొద్దు. కంప్యూటర్ మీద పేరొచ్చినా చదవొద్దు. ఎవడైనా తన పేరు తను కూడబలుక్కుని చదువుకుంటాడా? అక్కడే పట్టేస్తారు.”

పరీక్ష గది తలుపు దగ్గర కళ్లజోడు మేడమ్ కవరు విప్పింది. కార్డు చూసింది. వాడి మొహం చూసింది. మళ్లీ కార్డు చూసింది.

“ఫొటోలో మీసం లేదే?”

రేపుకి గుండె జారి చెప్పుల్లో పడింది. అన్నయ్య పాత ఫొటో పెట్టి నా కొంప ముంచావు కదా వదినా అనుకున్నాడు.

“ఈ నెలలోనే పెంచాను మేడమ్.”

“తీసెయ్. లేకపోతేనే బాగున్నావు,” అని లోపలికి పంపింది.

స్క్రీన్ మీద పేరున్న మొదటి పేజీని కళ్లు మూసుకునే దాటించాడు. ఏడో ప్రశ్న చూసి నవ్వొచ్చింది. ఆ వీధే, ఆ ఇళ్లే. అరవై రెండు అని నొక్కాడు. ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే ముగించాడు. మేడమ్ ఫలితం కాగితం తీసి, “పాస్,” అంటూ ఇస్తే, దాన్ని చూడకుండానే నాలుగు మడతలు పెట్టి ఇంటికి పరిగెత్తాడు.

వదిన కాగితం విప్పి చదివి కొంగుతో కళ్లొత్తుకుంది.

“అన్నయ్య ఉద్యోగం నిలబడ్డట్టేనా వదినా?”

“అదెక్కడికి పోయిందిరా?” అన్నాడు అన్న. బీరువా తెరిచి చీరల కిందనుంచి ఒక ఫ్రేము తీశాడు. అందులో ఉన్నది అదే సర్టిఫికెట్. అన్న పేరు మీద. ఆరేళ్ల కిందటిది.

రేపు కుర్చీలో కూలబడ్డాడు.

“మరి ఇంత భయపడి చచ్చి... నేను రాసొచ్చిన దొంగ పరీక్ష ఎవరిది?”

వదిన కాగితం మడతలు సాపు చేసి వాడి చేతిలో పెట్టింది.

“ఇప్పుడు చదువుకోవచ్చులే మరిదీ,” అంది, “నీ పేరే.”