నూటికి నూరు

వెనకాల అందరూ ఆమెను తక్కెడమ్మ అంటారు. అంత పెద్ద ఫైనాన్స్ కంపెనీలో కస్టమర్ల కాల్స్ విని, మాట్లాడిన ఉద్యోగులకు మార్కులు వెయ్యడం ఆమె పని. తొమ్మిదేళ్లుగా అదే పని. దేవుడు దిగొచ్చి బతిమాలినా అర మార్కు ఎక్కువ వెయ్యదని పేరు.

అలాంటి మనిషి ఇవాళ పొద్దుటి నుంచి ఒకే కాల్ పట్టుకుని కూర్చుంది. నాలుగు రోజులు జ్వరమని సెలవు పెట్టి ఇవాళే తిరిగొచ్చింది. వచ్చీరాగానే హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. టీకి కూడా లేవలేదు.

ఆ కాల్ సంగతి ఆఫీసంతా తెలుసు. పోయిన బుధవారం మధ్యాహ్నం ఎవరో కస్టమర్ చేశాడు. నాలుగు నిమిషాలు. ఆ సాయంత్రమే ప్రాణం తీసుకున్నాడు. పోలీసులొచ్చి రికార్డింగ్ కాపీ పట్టుకెళ్లారు. ఆ కాల్ తీసుకున్నది, చేరి మూడు నెలలన్నా కాని కొత్తపిల్ల.

మూడింటికి ఆ పిల్ల వచ్చి పక్కన నిలబడింది. కళ్లు ఉబ్బిపోయాయి. చేతిలో రాజీనామా కాగితం.

"మేడమ్, నా తప్పు ఎక్కడుందో చెప్పండి."

"ముందు కూర్చో."

"కళ్లు మూస్తే ఆయన గొంతే మేడమ్. మా అమ్మ కలిపి పెట్టినా ముద్ద దిగట్లేదు. నా వల్లే పోయాడా? అదొక్కటీ చెప్పండి, వెళ్లిపోతాను."

తక్కెడమ్మ ఇంకో హెడ్‌ఫోన్ ఆ పిల్లకిచ్చి, కాల్ మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

కాల్‌లో ఆ పిల్ల నమస్కారం చెప్పింది. రూలు ప్రకారం అతని పేరు మూడుసార్లు పలికింది. 'మీ ఇబ్బంది అర్థమైంది సార్' అని అనాల్సిన చోటే అంది. పాపం, అతను ఇబ్బందేమిటో చెప్పనే లేదు.

"మీ ఆఫీసులోనే ఒకరితో మాట్లాడాలండీ. ఒక్క నిమిషం కలుపుతారా?"

"క్షమించండి సార్, బయటి కాల్ లోపలికి కలిపే వీలు లేదు."

తర్వాత కాసేపు ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆ ఊపిరి దగ్గర తక్కెడమ్మ ప్రతిసారీ కళ్లు మూసుకుంటోంది.

"పోనీలెండి."

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

"వద్దమ్మా. ఉంటాను."

కొత్తపిల్ల హెడ్‌ఫోన్ తీసేసింది. "ఎవరితో అని అడగాలనిపించింది మేడమ్. నోటిదాకా వచ్చింది."

"మరి అడగలేదేం?"

"పోయిన నెల ఇంకో కాల్‌లో అడిగాను కదా. రూల్లో లేని ప్రశ్న అని మీరే పది మార్కులు కోశారు. ఇంకోసారి తగ్గితే ఇంటికి పంపేస్తామని మేనేజర్ సార్ అన్నారు."

తక్కెడమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఈవిడకింకా జ్వరం తగ్గినట్టు లేదనుకుంది ఆ పిల్ల.

"మంచినీళ్లు తేనా మేడమ్?"

"వద్దు. ఇటు చూడు. నువ్వు ఏం చెయ్యాలని నేర్పామో అదే చేశావు. తప్పు నీది కాదు."

"నిజంగానా? నా మీద ఒట్టేసి చెప్పండి."

"ఒట్టు. ఆ కాగితం చింపెయ్. రేపటి నుంచి ఎవరేం అడిగినా, ఎవరు కావాలి అని అడుగు. మార్కులు నేను చూసుకుంటాను."

ఆ పిల్ల కాగితం నాలుగు ముక్కలు చేసింది. వెక్కి వెక్కి ఏడ్చి, ముఖం కడుక్కుని, తన సీటుకి వెళ్లిపోయింది. తక్కెడమ్మ స్క్రీన్ మీద నూటికి నూరు వేసింది. తొమ్మిదేళ్లలో ఆమె ఎవరికీ నూరు వెయ్యలేదు.

ఆరింటికి బయటికొచ్చి, లోపలికి తేకూడదని రోజూ లాకర్లో పెట్టే తన ఫోన్ తీసి చూసుకుంటే, పోయిన బుధవారం మధ్యాహ్నం ఆ కాల్‌కి ముందు వరసగా వచ్చిన పదకొండు మిస్డ్ కాల్స్ ఇంకా చెరపకుండా అలాగే ఉన్నాయి, పదకొండూ తమ్ముడివే.