ఖాళీ బస్సు

"ముగ్గురంటే ముగ్గురే! ఇది దండగ బస్సమ్మా, ఆపేయమని రాస్తున్నా," అన్నాడు ప్రయాణికుల్ని లెక్కపెట్టడానికి బస్సెక్కిన, ఎవరిస్తో అనే రవాణా ఆఫీసు గుమాస్తా.

డ్రైవర్ నీల్డా లెంపీరా కొండ మలుపులో బస్సు ఆపి, ఐసుపెట్టె తెరిచి, కిటికీ దగ్గరకొచ్చిన ముసలామెకు చక్కెరజబ్బు ఇంజెక్షన్లు అందించింది. వెనకే మరో ఆరుగురు తమ మందుల కోసం చేతులు చాచారు. ఒక్కరూ బస్సెక్కలేదు.

ముసలామె, నీల్డా వెనక సీట్లో ఉన్న ఎవరిస్తో చేతిలోని కాగితాలు చూసింది. "రెండో బస్సు వేయించడానికి లెక్క రాసేది నువ్వేనా నాయనా? చల్లగా ఉండు!" అంటూ అరటాకులో చుట్టి ఉడికించిన వేడి మొక్కజొన్నపిండి తమాలెస్ అతని ఒళ్ళో పెట్టింది.

బస్సు కదిలింది. ఎవరిస్తో పొట్లం విప్పలేకపోయాడు.

"తినండి సార్, చల్లారిపోతాయి," అంది నీల్డా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మీరెందుకొచ్చారో వాళ్ళకి నేను చెప్పలేదులెండి."