అమావాస్య కనెక్షన్

“లైటు ఇంకా కిందికి దించాలన్నా,” అన్నాడు ఉస్మాన్ సాబ్.

గోవిందన్నకు ఒళ్లు మండింది. పిల్లి తన పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు, ఈ మనిషి పొద్దుటి నుంచి ఆ లైటును గదంతా తిప్పుతున్నాడు.

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద గోవిందన్నది బ్యాటరీల షాపు. ఉస్మాన్ సాబ్‌ది పాత లారీ. ఓనరూ తనే, డ్రైవరూ తనే. క్యాబిన్ వెనక పలకలతో చిన్న గది కట్టించుకున్నాడు. భార్య దౌలత్‌బీతో కాపురం అందులోనే. పత్తి బేళ్లు ఏ ఊరికి పోతే సంసారం ఆ ఊరికి పోతుంది.

“పైన ఉంటే గదంతా ఎలుగు పడ్తాది గదప్పా. ఇంత కిందికి దించితే ఒళ్లోనే పడ్తాది.”

“ఒళ్లోనే పడాలన్నా.”

కుట్లూ అల్లికలూ చేసే మనిషి కాబోలు అనుకున్నాడు గోవిందన్న. గదికి పచ్చటి తెర కట్టి ఉంది. ఆ తెర అవతలి మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. లోపలి బిగింపు ఉస్మాన్ సాబ్‌కే వదిలి, ఇవతలే నిలబడి, “ఏమ్మా, ఈడ సాల్నా?” అని గట్టిగా అడిగాడు.

జవాబు లేదు. ఘోషా మనిషి, పరాయి మగవాడితో మాట్లాడుతుందా అని తనే సర్దుకున్నాడు. ఉస్మాన్ సాబ్ తెర తొలగించి లోపలికి తొంగి చూశాడు. నవ్వుతూ ఇటు తిరిగాడు.

“ఈడ బాగుందంటాంది.”

లారీ టాపు మీద సోలార్ ప్లేటు ఎండకు తళతళలాడుతోంది. ఎవరో కంపెనీవాళ్లు పాతదని తీసేస్తే, ఉస్మాన్ సాబ్ బెంగుళూరులో పాత సామాన్లమ్మే గుజరీలో బేరమాడి కొనుక్కొచ్చాడు. ఎనభై ఆరులో ఆదోనిలో అలాంటిది చూసినవాళ్లు తక్కువ. దారిన పోయేవాళ్లు ఆగి, అద్దంలో మొహం చూసుకోవచ్చునా అని అడిగిపోతున్నారు. ఎండతో బ్యాటరీ నిండుతుందంటే గోవిందన్నే మొదట నమ్మలేదు. మీటరు పెట్టి చూశాక నోరు మూసుకున్నాడు.

ఉస్మాన్ సాబ్ బాధ న్యాయమైనదే. జిన్నింగు మిల్లు ముందు వరుసలో లారీ రోజుల తరబడి నిలబడిపోతుంది. ఇంజను తిరగదు, బ్యాటరీ నిండదు. రాత్రంతా లైటు వేస్తే తెల్లారి లారీ మొరాయిస్తుంది. అందుకే లైటుకు వేరే బ్యాటరీ, దాన్ని నింపడానికి ఆ ప్లేటు.

“అయినా రాత్రంతా లైటు ఎందుకప్పా? కొత్త పెండ్లికొడుకువా?”

“ఆమెకు గుండె జబ్బన్నా. రాత్రిళ్లు నొప్పి వస్తాది. సీకటంటే నాకే బయం.”

“నీకా!” అని గోవిందన్న పకపకా నవ్వాడు.

సాయంత్రానికి వైర్లు లాగడం అయిపోయింది. ఇక బ్యాటరీకి తగిలించడమే. గోవిందన్న చేతులు దులుపుకున్నాడు.

“రేపు రా సాబూ. టెంకాయ కొట్టి కనెక్షన్ ఇస్తాను.”

“ఈ పొద్దే ఇయ్యన్నా.”

“అమావాస్యప్పా! అమావాస్య పూట కొత్త దీపం ఎలిగిస్తారా?”

వైరు లాగితే తప్పులేదు, దీపం వెలిగిస్తేనే తప్పు. ఇది గోవిందన్న సొంత శాస్త్రం. పని విషయంలో ఆయన ఎవరి మాటైనా వింటాడు గానీ, అమావాస్య విషయంలో బ్రహ్మదేవుడు దిగివచ్చినా వినడు.

“మాకు అవేం లేవు గదన్నా,” ఉస్మాన్ సాబ్ బతిమాలాడు.

“నీకు లేకుంటే నాకుంది. ఆ తల్లి సల్లగుండాలనే సెప్తాండా. ఒక్క రాత్రికి ఏం మునిగిపోతాది?”

తగిలించుకుంటాడేమోనని కొత్త బ్యాటరీని షాపులోకి మోసుకెళ్లి తాళం వేశాడు. పెద్దవాడి మాట కాదనలేక ఉస్మాన్ సాబ్ లారీ తీశాడు.

రేపు రమ్మంటే మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గోవిందన్న తెచ్చి పెట్టిన టెంకాయ అలాగే ఉండిపోయింది.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం లారీ వచ్చి షాపు ముందు ఆగింది. గోవిందన్న బ్యాటరీ ఎత్తుకుని సంబరంగా ఎదురుపోయాడు. గదికి తెర లేదు. లోపల ఎవరూ లేరు. బ్యాటరీ చేతిలో బరువెక్కింది. మెల్లగా నేల మీద పెట్టాడు.

“ఆ రాత్రే నొప్పి వచ్చిందన్నా,” అన్నాడు ఉస్మాన్ సాబ్. “కర్నూలు పెద్దాసుపత్రికి తీస్కపోతాంటే గోనెగండ్ల దాటినంక ఇంజను బెల్టు తెగి లారీ నిలబడిపాయ. లారీ బ్యాటరీ అసలే పాతది, హెడ్‌లైట్లకే అయిపాయ. కన్ను పొడుచుకున్నా కానరాని సీకటి. అగ్గిపుల్లలు ఉన్నంతసేపు గీసినా. తెల్లారి ఇంకో లారీ వచ్చేలోపల అయిపోయిందన్నా.”

గోవిందన్న లారీ మెట్టు మీద కూలబడ్డాడు. తన పంచాంగం మీద తనకే అసహ్యం వేసింది. ఏం చెప్పినా ఆ మనిషికి ఓదార్పు కాదని తెలుసు. అయినా ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోయాడు.

“దిక్కులేకుండా పోలేదు గదప్పా. నువ్వు పక్కనే ఉంటివి. కడసారి నీతో నాలుగు మాటలైనా సెప్పిందా?”

“సెప్పిందన్నా. సానాసేపు సెప్పింది.”

“ఏమనిందప్పా?”

“తెలీలేదన్నా.”

“అదేంది? పక్కనే ఉండి ఇనలేదా?”

ఉస్మాన్ సాబ్ గదిలో లైటు వైపు చూస్తూ అన్నాడు.

“దౌలత్‌బీ పుట్టుమూగదన్నా, ఏం సెప్పినా సేతుల్తోనే సెప్పేది, ఆ సీకట్లో నాకు గాజుల సప్పుడొక్కటే ఇనబడింది.”