రెండో కారు

"కుడి నాలుగు! వంద మీటర్లు! ఎడమ మూడు, రాళ్లు!"

"గట్టిగా అరిచి చావు!" గేరు మార్చిన చేత్తోనే బావ, బావమరిది హెల్మెట్ మీద ఫెడీమని గుద్దాడు. "ఒక్క మాట ఆలస్యమైతే ఇద్దరం పోతాం."

తల దిమ్మెక్కినా బావమరిది ఒళ్లో పుస్తకం మీంచి కళ్లు తీయలేదు. ర్యాలీకి ముందు దారంతా మెల్లగా తిరిగి, ప్రతి మలుపూ దాని వంపుకి ఒక అంకె వేసి చిత్తుగా రాసుకొచ్చి, తర్వాత అక్కచేత శుభ్రంగా ఎక్కించిన పుస్తకం అది. దుమ్ములో బావకి బానెట్ దాటి ఏమీ కనబడదు. పదిహేనేళ్లుగా చెవులతోనే నడిపి మూడుసార్లు ఛాంపియన్ అయ్యాడు.

చెయ్యి మాత్రం మహా దురుసు. పోయినేడు ఒక మెకానిక్‌కి రెండు పళ్లు రాలగొట్టి, వాడిచేతే క్షమాపణ చెప్పించుకున్న ఘనుడు. ఇంట్లోనూ అదే వరస.

పొద్దున అక్క కుడిచేతికి కొత్త కట్టు ఉంది.

"మెట్ల మీద పడ్డావా?" అన్నాడు బావమరిది, జవాబు తెలిసి కూడా.

"ఇవాళ నువ్వు ఎక్కకురా. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"ఇది గెలిస్తే కార్ల కంపెనీ మన జట్టుకి రెండో కారు ఇస్తుందక్కా. దాని స్టీరింగ్ నాకేనని బావ మాటిచ్చాడు. ఇన్నాళ్లు ఓర్చుకున్నావు, ఇంకొక్క రోజు సర్దుకో."

మూడేళ్లుగా అంటున్న మాటే. అక్క అతని మొహంలోకి చూసి, పుస్తకం లోపల పెట్టి బ్యాగు సర్ది ఇచ్చింది. అతనికి సిగ్గేసింది. అయినా తీసుకున్నాడు.

"నిద్రపోతున్నావా వెధవా?"

ఈసారి బావ గుద్దు దవడ మీద పడింది. పెదవి చిట్లి రక్తం పేజీ మీద కారింది. అసలే అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. తుడిచి, కళ్లు చికిలించి అరిచాడు.

"మిట్ట! దాటాక నేరుగా, ఫుల్!"

బావ యాక్సిలరేటర్ తొక్కిపట్టాడు. కారు మిట్ట మీంచి గాల్లోకి లేచింది. ముందు రోడ్డు లేదు. అది ఎడమకి తిరిగిపోయింది.

మూడు పల్టీలు. ఒక బండరాయి బావ వైపు తలుపుని సీటు దాకా నెట్టేసింది. ఆయన మెడ పక్కకి వాలిపోయింది, కళ్లు తెరిచే ఉన్నాయి.

బెల్టుకి తలకిందులుగా వేలాడుతూ బావమరిది కాళ్లు కదపబోయాడు. కదల్లేదు. భయంతో ఏడుపొచ్చింది. మొన్న ఇదే మిట్ట దగ్గర తను 'ఎడమ రెండు, లోయ' అని చిత్తులో గీకడం బాగా గుర్తుంది. పుస్తకం కళ్లెదుటే తెరుచుకుని పడి ఉంది. 'నేరుగా, ఫుల్.' ఆ వంకర అక్షరాలకేసి అలాగే చూస్తుండిపోయాడు.

అక్క ఈసారి ఎడమచేత్తో తిరగరాసింది.