మచ్చ లేని మాణిక్యాంబ

"మీరెవరండీ?" అంది ఇంటి తలుపు.

మాణిక్యాంబ తెల్లబోయింది. ముంజేతి మీది తెల్లటి బొల్లి మచ్చను చామనఛాయ పచ్చబొట్టుతో కప్పించుకుని, మచ్చుకైనా మచ్చ లేదని మురుస్తూ అప్పుడే వచ్చింది. ఇరవై ఏళ్లుగా మొగుడు సన్యాసిరావు ఆ మచ్చ ఊసే ఎత్తలేదు. అసహ్యమేమోనని ఆవిడ బెంగ.

కాకినాడలో జనం మొహాలూ గొంతులూ నెలనెలా మార్చేస్తున్నారు కనుక, తలుపులు పదో తరగతి సర్టిఫికెట్టులా ఒంటి గుర్తులే చూస్తాయి. ఆవిడ మెడ మీది పుట్టుమచ్చ చూపించింది. మోచేతి మీది పాత గాటూ చూపించింది.

"అవి కావండీ," అంది తలుపు.

ఇరుగుపొరుగు పోగయ్యారు. "దొంగేమో!" అన్నారెవరో.

"నా ఇంటికి నేనే దొంగనా? నా గుర్తని మా ఆయన నీకు ఏం రాయించాడో చదివి ఏడువు!" అని అరిచింది మాణిక్యాంబ.

తలుపు గట్టిగా చదివింది: "ఎడమ ముంజేతి మీద కాజా అంత తెల్లమచ్చ. వెయ్యిమందిలో ఉన్నా అది చూసే మా ఆవిణ్ణి గుర్తుపడతాను."

లోపలి నుంచి సన్యాసిరావు హడావిడిగా తలుపు తీశాడు.

"మరి ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదేం?" అంది మాణిక్యాంబ.

"నువ్వు దాచుకుంటున్నావు కదాని, చూడనట్టు ఉన్నానే," అన్నాడతను అందరి ముందూ.