బొమ్మ కంపెనీ

“చెప్పులతోనే రండి, ఫరవాలేదు,” అంది పుష్పవల్లి నిచ్చెన మీంచి.

పెద్దావిడ వినిపించుకోలేదు. చెప్పులు గుమ్మం బయటే విప్పి, గుడ్డసంచి చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. అద్దాల తలుపు మీది మరకను కొంగుతో తుడిచింది.

“గోడకి ఇన్ని మేకులు కొట్టిందెవరమ్మా?”

“నేనేనండీ. వైర్లకి.”

“ఇక్కడ పెద్ద ఎవరు?”

“అదీ నేనే,” అంటూ పుష్పవల్లి కిందికి దిగింది.

హాల్లో తొమ్మిది టీవీలు పేర్చి ఉన్నాయి. ఒకదాంట్లో జూబ్లీ హిల్స్‌లోని ఈ మేడే అంతస్తు మీద అంతస్తుగా లేస్తోంది. ఇంకోదాంట్లో టై కట్టుకున్నాయన వడ్డీ రేట్లు చెబుతూ నవ్వుతున్నాడు. మధ్య టీవీలో అదే మేడ బకెట్టు నీళ్లలో కనిపిస్తోంది. ఎవరిదో వేలు తగలగానే వణికి ముక్కలవుతోంది. వాటి ముందు కౌంటరు, దానిమీద ‘డిపాజిట్లు’ అని బోర్డు.

సాయంత్రం ఈ వీడియో ప్రదర్శన చూడ్డానికి ఢిల్లీ నుంచి కళా విమర్శకుడు వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటే ఢిల్లీలోనూ పెట్టొచ్చు. లేకపోతే దీనికోసం తను అమ్మిన బంగారు గాజులు గంగలో కలిసినట్టే.

బోర్డు చదివి ఆవిడ సంచి గుండెకి హత్తుకుంది. “ఇక్కడ డిపాజిట్లు తీసుకుంటున్నారా?”

పుష్పవల్లికి ఎక్కడలేని సంతోషం వేసింది. ఇంకా మొదలవకముందే ఒకరు నమ్మేశారు.

“లేదండీ, ఇది బొమ్మ కంపెనీ. ఆ టై ఆయన ఫిల్మ్‌నగర్ జూనియర్ ఆర్టిస్టు. మీ సంచి భద్రంగా ఇంటికి పట్టుకెళ్లండి.”

“మరి ఇదంతా ఎందుకు?”

“జనానికి తెలియాలని. అద్దాల మేడా, టై కనిపిస్తే చాలు, నువ్వెవరని కూడా అడక్కుండా ఉన్నదంతా చేతిలో పోసేస్తారు.”

“అంత అమాయకులుంటారా?”

“మీరు రాలేదూ?”

ఆవిడకి కోపం రాలేదు. పగటిపూట వెలుగుతున్న లైటు ఆర్పేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“హాలు అద్దెకి తీసుకున్నావా?”

“ఆరు నెలల అడ్వాన్సు కట్టానండీ. గాజులన్నీ దానికే పోయాయి.”

“ఎవరికి కట్టావు?”

“ఓనరుగారికి. అచ్యుతరామయ్యగారని, చాలా పెద్దమనిషి. సూటూ, కారూ, చేతిలో తాళాలగుత్తి. లోపలంతా దగ్గరుండి తిప్పి చూపించారు.”

“మేడ ఆయనదేనా అని అడిగావా?”

పుష్పవల్లి నవ్వేసింది. “అంతటి మనిషిని పట్టుకుని అలా ఎలా అడుగుతామండీ?”

ఆవిడ టీవీల వంక చూసింది. టై ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

“బాగా తీశావమ్మాయ్,” అంది పెద్దావిడ. “నేను పొద్దున్నే భీమవరం బండి దిగాను. ఇక్కడ లైట్లు వెలుగుతున్నాయని పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే వచ్చాను.”

“మీకెందుకు చేశారండీ?”

“ఈ మేడ నాది.”